డుబియా బొద్దింకలకు పిల్లి మేత పెట్టొచ్చా, కూడదా?

గెకోగూడు:
నా లెపర్డ్ గెకోకు (పెంపుడు బల్లి) మేతగా పెట్టడానికి డుబియా బొద్దింకల్ని ఇంట్లోనే పెంచుతున్నాను. వాటికి ఎండు పిల్లి మేత పెడితే త్వరగా పెరుగుతాయని కొందరు, అది తిన్న బొద్దింకల వల్ల బల్లికి గౌట్ వస్తుందని ఇంకొందరు అంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది. మీరేం పెడుతున్నారు?

ఎర్రరెక్క:
ధైర్యంగా పెట్టండి. నేను మొదటి నుంచీ అదే పెడుతున్నాను. డుబియా ఆడవి గుడ్లను ఒంట్లోనే పొదిగి ఒక్కో ఈతకు 20 నుంచి 40 దాకా పిల్లల్ని కంటాయి. దానికి ప్రోటీన్ కావాలి కదా. ఉత్త కూరగాయ ముక్కలతో నడిపే డబ్బా తెరిచి చూడండి, మగవాటి రెక్కల అంచులు కొరికేసి ఉంటాయి. ప్రోటీన్ చాలక ఒకదాన్నొకటి తినడమే అది.

పొలుసులపెట్టె:
ఎర్రరెక్క గారూ, డబ్బా కిక్కిరిసినా రెక్కలు కొరుక్కుంటాయండీ. అయినా ప్రోటీన్ అసలు వద్దని ఎవరూ అనడం లేదు, ఎంత అన్నదే ప్రశ్న. ఎక్కువైన నైట్రోజన్‌ను బొద్దింక మనలా బయటికి పంపేయదు. యూరిక్ యాసిడ్‌గా మార్చి ఒంట్లోని కొవ్వులో దాచుకుంటుంది. మేత కరువైతే ఆ కొవ్వులోనే ఉండే బ్లాటబ్యాక్టీరియం అనే సూక్ష్మజీవి ఆ నైట్రోజన్‌ను మళ్లీ అమైనో ఆమ్లాలుగా మార్చి ఇస్తుంది. 2009లో దాని జన్యువులు చదివినప్పుడు ఈ పని తెలిసింది. బయట బతికే బొద్దింకకు ఇదొక వరం. మన డబ్బాలో కరువే రాదు కాబట్టి నిల్వ పెరుగుతూ పోతుంది, అదంతా బల్లి కడుపులోకే వెళ్తుంది. బల్లి రెట్టలో తెల్లగా కనిపించే ముక్క కూడా యూరిక్ యాసిడే. కిడ్నీలు దాన్ని పంపలేకపోతే కీళ్లలో, గుండె చుట్టూ పేరుకుంటుంది. గౌట్ అంటే అదే.

ఎర్రరెక్క:
గౌట్‌కు నీళ్లు చాలకపోవడం కూడా పెద్ద కారణమే. నీటి గిన్నె ఎండిపోయినా పట్టించుకోకుండా బొద్దింకను తిడితే ఎలా? పైగా బల్లికి పెట్టే ముందు రెండు రోజులు క్యారెట్, ఆకుకూరలు తినిపిస్తే సరిపోతుంది.

పొలుసులపెట్టె:
నీళ్ల విషయం నిజమే, ఒప్పుకుంటాను. రెండో మాటే ఒప్పుకోలేను. ఆ రెండు రోజుల మేత పేగు నింపుతుంది, అది మంచిదే. కానీ కొవ్వులో చేరిన నిల్వ రెండు రోజుల్లో కరగదు. ఎండు పిల్లి మేతలో ప్రోటీన్ సాధారణంగా 30 శాతం పైనే. నేను గోధుమ పొట్టు, ఓట్స్‌లో కొద్దిగా కోడిపిల్లల మేత కలుపుతాను. బొద్దింక పిల్లలు కాస్త నిదానంగా ఎదుగుతాయి, అంతే. నాకు ఆ తొందర లేదు.

ఎండతొండ:
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి, క్యాల్షియం మాట ఎవరూ ఎత్తలేదు. ఏం తిన్నా బొద్దింకలో క్యాల్షియం కంటే ఫాస్ఫరస్సే ఎక్కువ. క్యాల్షియం పొడి అద్దకుండా పెడుతూ పోతే బల్లి దవడ మెత్తబడుతుంది, కాళ్లు వంకరపోతాయి. బియర్డెడ్ డ్రాగన్ అనే బల్లి పిల్లల్లో మరీ త్వరగా బయటపడుతుంది.

గెకోగూడు:
పొడి అద్దుతున్నానండీ. పిల్లి మేత ఆపేస్తాను. మరి ఇప్పటిదాకా అది తిన్న బొద్దింకల్ని పారేయాలా?

పొలుసులపెట్టె:
అక్కర్లేదు. పెద్దవాటిని ఈతకే ఉంచేయండి. వాటికి పుట్టే పిల్లల్ని వేరే డబ్బాలో కొత్త మేతతో పెంచి, గెకోకు అవే పెట్టండి.