డిప్లొమా ఈఈఈ, షిఫ్ట్ డ్యూటీ: ఉద్యోగం వదలకుండా బీటెక్ చదవడం ఎలా?

పటాన్‌చెరు_ఈఈఈ:
అన్నలకు, అక్కలకు నమస్కారం. డిప్లొమా ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) 2021లో అయింది. పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ చూస్తున్నాను. ఏ, బీ, సీ షిఫ్టులు వారానికొకటి మారతాయి. ఉద్యోగం మానేసి ఈసెట్ (డిప్లొమా వాళ్ల బీటెక్ ప్రవేశ పరీక్ష) రాసి రెగ్యులర్‌గా చదివే వీలు లేదు. ఒక కన్సల్టెన్సీ వాళ్లు "డిస్టెన్స్‌లో బీటెక్ ఈఈఈ, క్లాసులుండవు, ల్యాబులుండవు, పరీక్షలకు వస్తే చాలు, 95 వేలు" అంటున్నారు. ఇది చెల్లుతుందా? చెల్లకపోతే వేరే దారేంటి? మ్యాథ్స్ పూర్తిగా వదిలేశాను, ఎక్కడ మొదలుపెట్టాలి?

నియమావళి:
ఆ 95 వేలు కట్టకండి. ఇంజనీరింగ్ డిగ్రీని దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ నడపకూడదని యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2020 నిబంధనల్లోనే ఉంది. అంతకుముందే, 2017 నవంబరు 3న సుప్రీంకోర్టు ఇంకా గట్టిగా చెప్పింది. డీమ్డ్ యూనివర్సిటీల్లో 2005 తర్వాత దూరవిద్యలో చేరినవాళ్ల ఇంజనీరింగ్ డిగ్రీలను రద్దు చేసి, వాటితో వచ్చిన ప్రయోజనాలను కూడా వెనక్కి తీసుకోమంది. 2001-05 మధ్య చేరినవాళ్లకు మాత్రం ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను పర్యవేక్షించే మండలి) పెట్టే పరీక్ష గట్టెక్కితే డిగ్రీ నిలబడే అవకాశం ఇచ్చింది. "ల్యాబులుండవు" అని మీకు గొప్పగా చెబుతున్నారు చూశారా, అభ్యంతరమంతా అక్కడే ఉంది. ప్రాక్టికల్స్ లేని ఇంజనీరింగ్‌ను ఎవరూ ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా.

ఏఎంఐఈ (ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజినీర్స్ పెట్టే పరీక్షలు) చేయమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. అది బీఈతో సమానంగా చెల్లేది 2013 మే 31 లోపు నమోదైనవాళ్లకే. ఇప్పుడు చేరి ప్రభుత్వ ఉద్యోగానికి అది చూపిస్తే పని జరగదు.

మీకు సరిపోయేది ఏఐసీటీఈ 2023-24 నుంచి వర్కింగ్ ప్రొఫెషనల్స్ కోసం అనుమతిస్తున్న బీటెక్. కాలేజీ మామూలుదే, క్లాసులు ఉద్యోగులకు వీలైన వేళల్లో, ఎక్కువగా సాయంత్రం పెడతారు. డిప్లొమా ఉంటే నేరుగా రెండో ఏడాదిలోకి, అంటే మూడేళ్లు, ఆరు సెమిస్టర్లు. కనీసం ఏడాది ఉద్యోగ అనుభవం కావాలి. యాజమాన్యం నుంచి అనుభవ పత్రం, ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) ముందే తెచ్చి పెట్టుకోండి. ఎన్ఓసీ హెచ్‌ఆర్ దగ్గర నెలలు నానుతుంది, నోటిఫికేషన్ వచ్చాక అడిగితే అందదు.

చేరేముందు కాలేజీ వాళ్లను ఆ విద్యా సంవత్సరం ఏఐసీటీఈ అనుమతి పత్రం చూపించమనండి. అందులో ఈఈఈకి వర్కింగ్ ప్రొఫెషనల్స్ సీట్లు విడిగా కనిపించాలి. సీఎస్ఈకి అనుమతి ఉండి ఈఈఈకి లేకపోవచ్చు. "మాకు అప్రూవల్ ఉంది" అన్న మాట మీద ఫీజు కట్టొద్దు.

ఐఐటీ మద్రాసు 2023లో మొదలుపెట్టిన ఎలక్ట్రానిక్ సిస్టమ్స్ బీఎస్ కూడా ఉంది. చదువు ఆన్‌లైన్, పరీక్షలు సెంటర్‌లో, ల్యాబులకు చెన్నై వెళ్లాలి. మంచి కోర్సే. కానీ అది బీఎస్, పైగా ఎలక్ట్రానిక్స్ వైపు. విద్యుత్ సంస్థలైన ట్రాన్స్‌కో, డిస్కంలలో ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) పోస్టు మీ లక్ష్యమైతే ఈఈఈ బీటెక్‌కే వెళ్లండి.

కాయిల్_కోర్:
పైన చెప్పింది అక్షరాలా నిజం. నేను మ్యాథ్స్ సంగతి చెప్తా తమ్ముడూ.

నేరుగా రెండో ఏడాదిలోకి వెళ్తే నీకు మొదటి ఏడాది మ్యాథ్స్ ఉండదు. కానీ సర్క్యూట్స్ సారు అది వచ్చినట్టే క్లాసు నడిపిస్తారు. దెబ్బ తగిలేది అక్కడ. చేరడానికి మూడు నెలల ముందు ఈ వరసలో పట్టుకో: కాంప్లెక్స్ నంబర్లు, మొదటి ఆర్డర్ డిఫరెన్షియల్ ఈక్వేషన్లు, లాప్లాస్ ట్రాన్స్‌ఫార్మ్, ఆ తర్వాత మ్యాట్రిక్సులు. మెషిన్స్ జోలికి ఇప్పుడే పోకు. మోటార్లు రోజూ చూస్తున్నావు కాబట్టి అవి సులువనిపిస్తాయి, అందుకే అందరూ వాటితో మొదలుపెట్టి సర్క్యూట్స్‌లో తప్పుతారు. ఫేజర్ (ఏసీ కరెంటును పరిమాణం, కోణంగా రాసే పద్ధతి) రాకపోతే సింక్రనస్ మెషిన్ ఒక్క లెక్కా తేలదు.

క్యాలిక్యులేటర్ దగ్గర చాలామంది పోగొట్టుకునే మార్కులు చూడు. i = 10 sin 314t, t = 5 మిల్లీసెకన్లు. 314ను 0.005తో గుణిస్తే 1.57. అది రేడియన్లలో ఉంది. రేడియన్ మోడ్‌లో సైన్ విలువ 1, కరెంటు 10 ఆంపియర్లు. డిగ్రీ మోడ్‌లో నొక్కితే 0.27 ఆంపియర్లు వస్తుంది. అదే లెక్కలో 30 డిగ్రీల ఫేజ్ కలిపి ఇస్తే 1.57ను ముందు 90 డిగ్రీలు చేసుకుని 30 కలపాలి. సైన్ 120 అంటే 0.866, జవాబు 8.66 ఆంపియర్లు. రెండు యూనిట్లను అలాగే కలిపేసినవాడికి ఫార్ములా అంతా సరిగ్గా రాసినా జవాబు తప్పు.

వీడియోలకు ఎన్‌పీటెల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) చాలు, పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ కావాలంటేనే ఫీజు కట్టి సెంటర్‌కు వెళ్లి పరీక్ష రాయాలి. అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. సర్టిఫికెట్ కోసం కాకపోయినా వారం వారం అసైన్‌మెంట్ గడువు ఉంటుంది కాబట్టి చదువు ఆగదు. వీడియో గంట చూస్తే లెక్కలు రెండు గంటలు చేతితో చేయాలి.

పటాన్‌చెరు_ఈఈఈ:
చాలా థాంక్స్ అన్నా. కన్సల్టెన్సీకి వద్దని చెప్పేశాను. క్లాసులు సాయంత్రం 6 నుంచి 9 అయితే, రాత్రి 10 దాకా ఉండే బీ షిఫ్ట్ వారం ఎలా? ల్యాబులో కొత్తగా ఏముంటుంది, రోజూ చేసే పనే కదా?

నియమావళి:
లెక్క వేసి చూడండి. సెమిస్టర్ 16 వారాలు అనుకుంటే, మూడు వారాలకొకసారి బీ షిఫ్ట్ వస్తే ఐదారు వారాలు క్లాసులు పోతాయి. హాజరు 67 శాతం దగ్గర ఆగుతుంది. కావలసింది 75. 65 దాటితే కండోనేషన్ (తక్కువ హాజరుకు మినహాయింపు) ఫీజు, మెడికల్ సర్టిఫికెట్‌తో గట్టెక్కొచ్చు గానీ, ఒక్క జ్వరం వచ్చినా 65 కిందికి జారి ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి. ఆరు సెమిస్టర్లూ అలా నెట్టుకురాలేరు. అందుకే ఎన్ఓసీతో పాటే ఏ షిఫ్ట్ లేదా జనరల్ ఇస్తామని రాతపూర్వకంగా అడగండి. మొత్తం కుదరకపోతే బీ షిఫ్ట్‌ను సహోద్యోగితో సీకి మార్చుకునే ఏర్పాటైనా ఇన్‌ఛార్జి సంతకంతో ఉండాలి. ఇన్‌ఛార్జి మారితే నోటిమాట నిలవదు. సీ షిఫ్ట్ 10కి మొదలు కాబట్టి క్లాసు అయ్యాక అందుకోవచ్చు, కానీ కాలేజీ ప్లాంటుకు అరగంట దూరంలో ఉంటేనే.

కాయిల్_కోర్:
రోజూ చేసే పని కాదు తమ్ముడూ. ప్లాంటులో ట్రాన్స్‌ఫార్మర్ నడుస్తోందా లేదా అని చూస్తావు. ల్యాబులో దాని లోపలి విలువలు బయటికి తీస్తావు. ఉదాహరణకు 1 కేవీఏ, 230/115 వోల్టుల సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్ తీసుకో.

ఓపెన్ సర్క్యూట్ టెస్టు 115 వైపు నుంచి చేస్తారు, 230 వైపు ఖాళీగా వదిలేస్తారు. తక్కువ వోల్టేజీ కాబట్టి మీటర్లకూ మనకూ సుఖం. 115 వోల్టులు, 0.6 ఆంపియర్లు, 20 వాట్లు వచ్చాయనుకో. పవర్ ఫ్యాక్టర్, అంటే వాట్లను వోల్టులు, ఆంపియర్ల గుణకారంతో భాగిస్తే, 0.29. ఇంత తక్కువ దగ్గర మామూలు వాట్‌మీటర్ ముల్లు కొద్దిగానే కదులుతుంది, రీడింగ్ నమ్మలేం. అందుకే ఎల్‌పీఎఫ్ (లో పవర్ ఫ్యాక్టర్) వాట్‌మీటర్ పెట్టాలి, దాని మల్టిప్లైయింగ్ ఫ్యాక్టర్ (రీడింగ్‌ను గుణించాల్సిన సంఖ్య) రికార్డులో ముందే రాసుకోవాలి. ఇది మర్చిపోతే 20 వాట్లు ఎక్కడో తేలుతుంది. ఖాళీగా ఉంది కదా అని 230 టెర్మినళ్ల దగ్గర చెయ్యి పెట్టకు, అక్కడ పూర్తి వోల్టేజీ ఉంటుంది.

షార్ట్ సర్క్యూట్ టెస్టు 230 వైపు నుంచి, 115 వైపు మందపాటి వైరుతో షార్ట్ చేసి. ఫుల్ లోడ్ కరెంటు 1000ని 230తో భాగిస్తే 4.35 ఆంపియర్లు. అంత కరెంటు రావడానికి 12 వోల్టులు చాలు. ఇక్కడ 36 వాట్లు వచ్చాయనుకుంటే రెసిస్టెన్స్ 1.9 ఓమ్‌లు, ఇంపిడెన్స్ 2.76, రియాక్టెన్స్ 2.0. ఫుల్ లోడ్ నష్టం 20, 36 కలిపి 56 వాట్లు, యూనిటీ పవర్ ఫ్యాక్టర్ దగ్గర ఎఫిషియెన్సీ 94.7 శాతం. అసలు లోడే పెట్టకుండా ఇవన్నీ తేలాయి.

ఇందులో జరిగే ప్రమాదం ఒకటే, మళ్లీ మళ్లీ జరుగుతుంది. ముందు బ్యాచ్ వాళ్లు డిమ్మర్‌స్టాట్‌ను (నాబ్ తిప్పి వోల్టేజీ పెంచే, తగ్గించే పరికరం) సున్నాకు తేకుండా వదిలేస్తారు. నువ్వు చూసుకోకుండా స్విచ్ వేస్తే 12 వోల్టులు పడాల్సిన చోట 230 పడుతుంది. ఇంపిడెన్స్ 2.76 ఓమ్‌లే కాబట్టి 80 ఆంపియర్ల పైన కరెంటు లాగుతుంది. ఫ్యూజు సరైన రేటింగ్‌ది ఉంటే అది పోతుంది, లేకపోతే అమ్మీటరూ వాట్‌మీటర్ కరెంట్ కాయిలూ పోతాయి. స్విచ్ ముట్టుకునే ముందు నాబ్ చేత్తో వెనక్కి తిప్పి, సున్నా దగ్గర ఆగిందని చూసి అప్పుడు వెయ్యి. ఆపేటప్పుడూ అంతే, ముందు నాబ్ సున్నాకి, తర్వాత స్విచ్.