తప్పిపోయిన కుమారుడి కథను యానిమేషన్‌గా తీయాలి, సలహా చెప్పండి

ప్రశ్న (కావలి నుంచి)
అందరికీ వందనాలు. మా సంఘం యూత్‌వాళ్లం కొందరం కలిసి మే నెలలో వీబీఎస్ (సెలవుల బైబిల్ స్కూల్) పిల్లల కోసం తప్పిపోయిన కుమారుడి ఉపమానాన్ని నాలుగు నిమిషాల యానిమేషన్‌గా చేద్దామనుకుంటున్నాం. మామూలు ల్యాప్‌టాప్, డ్రాయింగ్ ట్యాబ్లెట్ ఉన్నాయి, డబ్బులు లేవు. బొమ్మలు నేనే వేస్తా. ప్రతి ఫ్రేమూ గీయాల్సిందేనా? కథని మన పల్లెలో జరిగినట్టు మార్చేద్దామని ఒకడంటాడు, పాస్టర్ గారు వద్దంటున్నారు.

జవాబు (ఒంగోలు నుంచి)
తమ్ముడూ, ముందు లెక్క చూడు. సెకనుకి 24 ఫ్రేములు. ఒక్కో బొమ్మని రెండేసి ఫ్రేములు నిలబెట్టినా నాలుగు నిమిషాలకి 2,880 బొమ్మలు. మే కాదు కదా, క్రిస్మస్‌కీ తేలదు. కటౌట్ పద్ధతి పట్టుకో. తల, మొండెం, చేతులు, కాళ్లు క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్‌లో విడివిడిగా గీసి, బ్లెండర్ అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో కీళ్ల దగ్గర కలిపి కదిలించు. రెండూ ఉచితమే. తిరిగొస్తున్న కొడుకుని చూసి తండ్రి పరుగెత్తే షాట్ ఒక్కటి మాత్రం బొమ్మ బొమ్మా చేత్తో గియ్యి. అంత ఆస్తి, పనివాళ్లు ఉన్న పెద్దాయన అంగీ పైకెత్తి పట్టుకుని పరుగెత్తాలి. ఐదు సెకన్లంటే 60 బొమ్మలు, ఆ కష్టం అక్కడే పెట్టు.

బొమ్మల్లో పాస్టర్ గారి మాటే విను. యూదులకి పంది అపవిత్రం, బైబిల్లో లేవీయకాండం 11లో ఉంది. ఆస్తి తగలేసి పందులు మేపే స్థితికొచ్చిన ఆ చిన్నకొడుకు అవమానం ఆ నేల మీదే అర్థమవుతుంది. మన ఊళ్లో పెడితే, పందులు పెంచుకుని బతికే ఇళ్ల పిల్లలూ మీ వీబీఎస్‌లో కూర్చుంటారు, వాళ్ల మనసు ఆలోచించు. రాతి ఇళ్లు, ఒలీవ చెట్లు ఉంచు. పందుల ముందు చింతకాయల్లా పొడుగ్గా ఉండే కెరాబ్ కాయలు గియ్యి. మాటలు మాత్రం మన యాసలోనే రానీ. తండ్రి “ఏం నాయనా, ఇట్టా చిక్కిపోయినావే” అంటే పిల్లలు కదలకుండా చూస్తారు.

జవాబు (నెల్లూరు నుంచి, సండే స్కూల్ టీచర్)
యాస బాగుంటుంది అన్నా, కానీ ఆ డైలాగ్ వద్దు. ఈ కథ ఉన్న లూకా సువార్త 15లో తండ్రి చిన్నకొడుకుతో నేరుగా ఒక్క మాటా అనడు. బాబూ, 19వ వచనం, 21వ వచనం పక్కపక్కన పెట్టి చదువు. “నీ కూలివాళ్లలో ఒకడిగా పెట్టుకో” అని చెప్పాలని దారిలో అనుకుంటాడు. ఇంటికొచ్చాక ఆ మాట బయటికే రాదు, తండ్రి అప్పటికే బట్టలు తెమ్మని పనివాళ్లకి చెబుతున్నాడు. అదే షాట్‌గా పెట్టు. కొడుకు నోరు తెరిచే ఉండాలి, తండ్రి మాత్రం అటు తిరిగి కేకేస్తుండాలి.

చాలామంది విందు దగ్గర ఆపేస్తారు. నాకది అస్సలు నచ్చదు. ఉపమానంలో 22 వచనాలుంటే 8 పెద్దకొడుకు భాగమే. యేసు పాపులతో కలిసి తింటున్నాడని పరిసయ్యులు, శాస్త్రులు (ఆనాటి యూదు మతపెద్దలు) సణిగితే చెప్పిన కథ కదా ఇది! తమ్ముడికి విందు చేశారని అలిగి బయటే నిలబడ్డ పెద్దవాడి కోసమూ తండ్రి బయటికొచ్చి బతిమాలతాడు. వాడు లోపలికి వెళ్లాడో లేదో యేసు చెప్పలేదు, మీరూ చెప్పకండి. వాకిట్లోనే నిలబెట్టి పేర్లు వేసేయండి. పిల్లలు “వెళ్లాడా టీచర్?” అని అడుగుతారు. ఆ రోజు పాఠం అక్కడ మొదలుపెట్టొచ్చు.

ప్రశ్న (కావలి నుంచి)
థ్యాంక్స్ అక్కా, ఇది మాకు తట్టలేదు. బొమ్మలు ఏఐతో చేయించేస్తే? గొంతులు ఎప్పుడు రికార్డ్ చేయాలి?

జవాబు (ఒంగోలు నుంచి)
ఏఐలో ఈ షాట్‌లో ఉన్న తండ్రి ముఖం తర్వాతి షాట్‌కి అలాగే రావడం కష్టం. గీసే చెయ్యి ఉంది కదా నీకు. గొంతులు అన్నిటికంటే ముందు. మందిరం హాల్లో చేస్తే మాట మోగుతుంది. చిన్న గదిలో చుట్టూ దుప్పట్లు వేలాడదీసి, ఫ్యాన్ ఆపి, ఫోన్ జానెడు దూరంలో పెట్టి రికార్డ్ చెయ్యి. ఆ ఆడియో మీద పెన్సిల్ బొమ్మలు వరసగా పేర్చి పాస్టర్ గారికి చూపించు. మార్పులన్నీ అప్పుడే అడగమను, రంగులేశాక అడిగితే ఏడుపే.

వీబీఎస్ పగటిపూట కాబట్టి ప్రొజెక్టర్ మీద చీకటి సీన్లు కనపడవు. పందుల సీన్ కూడా ఎండలోనే పెట్టు. సంగీతానికి ఆల్బమ్ పాటలు వాడితే యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు. మీ కీబోర్డు, తబలా వాయించేవాళ్లని కూర్చోబెట్టు. అప్‌లోడ్ చేసేటప్పుడు పిల్లల వీడియో అని టిక్ పెట్టాలి, అప్పుడు కామెంట్లు ఆగిపోతాయి. అభిప్రాయాలు కావాలంటే లింక్ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టుకోండి.