ఒంటరి పేదలకు తోడుండే సంఘం: ఉద్దానానికి పెంచాలా, ఉన్నచోటే ఉంచాలా?

గరివిడి_పద్దులు:
చీపురుపల్లి వైపు ఒక చిన్న సంఘం ఉంది. పన్నెండు మంది కార్యకర్తలు అరవై మంది ఒంటరివాళ్ల ఇళ్లకు వారానికి రెండుసార్లు వెళ్తారు. పిల్లలు విశాఖ, హైదరాబాదు, చెన్నై వలసపోయిన ఇళ్లే ఎక్కువ. ఇప్పుడొక దాత, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, మందసల్లోనూ మొదలుపెడితే రెండేళ్ల ఖర్చు భరిస్తానంటున్నారు. ఒప్పుకోవాలనే నా మాట. అరవై మంది దగ్గర నేర్చుకున్న పద్ధతి మూడొందల మందికీ పనికొస్తుంది కదా?

నాగావళి_ఒడ్డు:
మనిషికి ఐదిళ్లు. ఆ లెక్క చెడగొట్టొద్దు మాస్టారూ. ఎనిమిది దాటాయంటే కార్యకర్త గుమ్మంలోంచే "ఏటమ్మా, బాగున్నావా" అంటాడు. "ఆఁ, బాగానే ఉన్నాను బాబూ" అంటుంది ఆ ఇంటావిడ. అయిపోయింది, పక్కింటికి.

లోపలికెళ్లాలి. గిన్నె మూత తీసి చూడాలి. నీళ్లు పోసిన నిన్నటి అన్నం తప్ప ఏమీ లేకపోతే ఆవిడ పొయ్యి వెలిగించలేదన్నమాట. బీపీ మాత్రల అట్ట చేతిలోకి తీసుకుని లెక్కపెట్టాలి. రోజుకొకటి చొప్పున ముప్పై ఇస్తే పదిహేను రోజులకు పదిహేను మిగలాలి. ఇరవై రెండు ఉన్నాయంటే రోజు విడిచి రోజు వేసుకుంటోంది. అది మతిమరుపే కానక్కర్లేదు, అయిపోతే మళ్లీ ఎవరు తెస్తారన్న బెంగ. ఇదంతా కనుక్కోవడానికి ఇంటికి ఇరవై నిమిషాలు పడుతుంది.

కవిటి_కొబ్బరిచెట్టు:
"నేర్చుకున్న పద్ధతి" అన్నారు చూడండి, నా భయమంతా దాంతోనే. ఎండాకాలం ఇంటింటికీ మజ్జిగ, కొబ్బరినీళ్లు ఇవ్వడం మీవైపు మంచిపనే. ఉద్దానంలో కిడ్నీలు పాడై డయాలసిస్ మీదున్న మనిషికి అదే ప్రాణం మీదికి తెస్తుంది. కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ, కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు, గుండె లయ తప్పుతుంది. మంచినీళ్లు కూడా డాక్టరు చెప్పిన కొలతే తాగాలి. పెరట్లో చెట్టు, దాహం, చుట్టూ మంచి మనసున్న మనుషులు... ఈ మూడూ కలిస్తే ఏమవుతుందో కార్యకర్తకు ముందే తెలిసుండాలి.

సోమ, గురువారాలని రోజులు పెట్టుకున్నా ఇక్కడ కుదరదు. డయాలసిస్ సాధారణంగా వారానికి రెండుమూడు సార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు. తిరిగొచ్చిన సాయంత్రం లేచి వండుకునే ఓపిక ఉండదు. మీ మనిషి ఆ సాయంత్రమే రావాలి, ఉప్పు తగ్గించిన కూరతో. కూరముక్కల్ని ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వంపేయాలి, పొటాషియం కొంత వాటితో పోతుంది.

పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. డయాలసిస్ చేయించుకునేవాళ్లకు నెలకు 10,000 పింఛను. డబ్బుంది, ఆసుపత్రి ఉంది. బస్సెక్కించే మనిషే లేడు.

గరివిడి_పద్దులు:
కొబ్బరినీళ్ల సంగతి నాకు తట్టలేదండీ, ఒప్పుకుంటున్నాను. అయితే కార్యకర్తలు అక్కడివాళ్లే కావాలి. మరి డబ్బు ఎవరి చేతుల మీదుగా?

బొబ్బిలి_దస్త్రం:
శాఖ పెట్టకండి. 2001 నాటి సొసైటీల చట్టం కింద ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టరవుతుంది. కవిటివాళ్లే ఏడుగురు నిలబడాలి. దాతకు పన్ను మినహాయింపు ఇప్పించే గుర్తింపు వాళ్లకు సొంతంగా వచ్చేదాకా విరాళం మీ రసీదు మీదే తీసుకోండి. 2,000 దాటిన నగదుకు పన్ను మినహాయింపు రాదని దాతకు ముందే చెప్పండి.

దాత సొమ్ము జీపుకూ ఆఫీసు అద్దెకూ పోనివ్వొద్దు. రెండేళ్లయ్యాక ఆ ఖర్చు మోయలేక సంఘం మూతపడుతుంది. ఎవరూ రారని సర్దుకున్న మనిషి మీవల్ల మళ్లీ గుమ్మంవైపు చూడ్డం మొదలుపెడతాడు. అప్పుడు ఆపేస్తే మీరు చేసింది మేలా, కీడా? మొదట ఒక్క మండలం, పదిహేనిళ్లు, ముగ్గురు కార్యకర్తలు. అంతే.

టెక్కలి_రోడ్డు:
మీ అరవై మందిలో అరవై ఏళ్లలోపు మగవాళ్లెందరు? వితంతువులకు, ఒంటరి మహిళలకు ముందే పింఛనుంది. మత్స్యకారులకు, చేనేతవాళ్లకు యాభైకే వస్తుంది. వికలాంగుడు కాని, తోడులేని యాభై రెండేళ్ల కూలీకి మాత్రం చాలాసార్లు ఏ పింఛను పద్దులోనూ చోటుండదు. పింఛను జాబితా చూసి ఇళ్లు ఎంచుకుంటే అతను ఎప్పటికీ కనబడడు.

గరివిడి_పద్దులు:
నలుగురే. మేం ఇళ్లు ఎంచింది పింఛను జాబితా చూసేనండీ. ఈ నెల రేషన్ డీలర్లను, టీకొట్లవాళ్లను అడిగి ఒంటరిగా ఉంటున్న మగవాళ్ల పేర్లు రాయిస్తాం. దాతకు జవాబు ఆ తర్వాతే.