చావింట్లో ఏం మాట్లాడాలి? "అంతా కర్మ" అని మళ్లీ అనలేను

గోదారిగట్టు:
మా గుళ్లో శనివారం భజన నేనే నడుపుతాను. దాంతో ఎవరింట్లో కష్టమొచ్చినా "నువ్వెళ్లి రెండు మంచిమాటలు చెప్పమ్మా" అంటారు. రెండేళ్ల కిందట బిడ్డ పోయిన ఒకావిడతో "పూర్వజన్మ కర్మమ్మా" అనేశాను. ఇప్పటికీ నేనెదురైతే పక్క సందులోకి తిరిగిపోతుంది. ఇప్పుడు పక్కింటి అక్క కొడుకు బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. మొన్నే దినవారాలయ్యాయి. "నేనేం పాపం చేశానే?" అని అడుగుతోంది. ఏం చెప్పను?

చారన్నం:
ఏమీ చెప్పకండి. మా నాన్న పోయినప్పుడు వేదాంతం చెప్పినవాళ్లు ఇరవైమంది. ఒక్కరి మొహమూ గుర్తులేదు. ఎదురింటి పెద్దమ్మ కారియర్లో చారన్నం తెచ్చి, ముద్ద కలిపి చేతిలో పెట్టింది. అది మాత్రం గుర్తుంది.

శ్లోకప్రియ:
అలాగని శాస్త్రం పనికిరాదనకండి. గీతలో "జాతస్య హి ధ్రువో మృత్యుః", అంటే పుట్టినవాడికి చావు తప్పదు అన్న మాటే నన్ను నిలబెట్టింది. కాకపోతే మూడో నెలలో. అర్జునుడు కూడా "నీ శిష్యుణ్ణి, చెప్పు" అని అడిగాకే కృష్ణుడు బోధ మొదలుపెట్టాడు, రెండో అధ్యాయం ఏడో శ్లోకం చూడండి.

అడ్డప్రశ్న:
దానికి ముందు మూడో శ్లోకంలో పిరికితనం వద్దని మందలించాడుగా?

శ్లోకప్రియ:
అది యుద్ధభూమండీ, చావిల్లు కాదు. అయినా ఆ గీతంతా విన్న అర్జునుడే అభిమన్యుడు పోయిన రోజు కుప్పకూలి ఏడ్చాడు. ఇక మన అక్క ఎంత?

పాస్టర్‌గారబ్బాయి:
మా నాన్నగారు బైబిల్లోని యోబు గ్రంథం చూపించేవారు. యోబు అంటే బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న భక్తుడు. ముగ్గురు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితోపాటు నేలమీద కూర్చున్నారు, ఒక్క మాటా లేదు. అంతవరకు బాగానే ఉంది. నోరు తెరిచి "నీ పాపమే" అన్నాకే చెడింది. చివర్లో దేవుడు కోప్పడింది వాళ్లమీదే.

నైట్‌డ్యూటీ:
కేన్సర్ వార్డు నర్సుని. ప్రార్థన చేసేముందు "చెయ్యమంటారా?" అని అడుగుతాను. వద్దంటే మంచం పక్కనే కూర్చుంటాను. ఇంకోటి, "నేనూ వాడి దగ్గరికే పోతా" అని ఆవిడ అంటే భజనతో సరిపెట్టకండి. ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లకి చెప్పండి, టెలి మానస్ అని ప్రభుత్వ మానసిక సహాయ ఫోన్ లైన్ ఉంది, 14416కి చెయ్యండి. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

గోదారిగట్టు:
అందరికీ దణ్ణం. నిన్న సాయంత్రం వెళ్లాను. మళ్లీ అదే అడిగింది. "నాకూ తెలీదక్కా" అన్నాను. భజన చేసే నోటితో ఆ మాట అనడానికి సిగ్గేసింది, నిజం చెప్పాలంటే. కాసేపటికి అక్క వాడి ఫోన్ నా చేతిలో పెట్టి, "ఎల్లుండితో రీచార్జ్ అయిపోతుందట. వేయించాలా, వద్దా?" అంది. వాట్సాప్‌లో వాడి గొంతు ఉందట. 84 రోజులది వేయించి వచ్చాను.