టామ్ ఫిన్నీ పలెర్మోకు ఎందుకు వెళ్లలేదు?

ప్రశ్న: అమలాపురం పాఠకుడు

మా అబ్బాయి కళాశాల జట్టులో కుడి వింగ్‌లో ఫుట్‌బాల్ ఆడుతున్నాడు. వాడికి చెబుదామని పాత ఆటగాళ్ల గురించి చదువుతుంటే, ఇంగ్లండ్ తరఫున 76 మ్యాచ్‌లు ఆడి 30 గోల్స్ చేసిన టామ్ ఫిన్నీ నన్ను ఎంతో ఆకట్టుకున్నారు. 1952లో ఇటలీలోని పలెర్మో క్లబ్బు 10,000 పౌన్లు ఇస్తామన్నా ఆయన వెళ్లలేదట; 1960లో ఆట విరమించే దాకా సొంత ఊరి ప్రెస్టన్ నార్త్ ఎండ్‌కే ఆడారట. ఊరి మీద మమకారమే దీనికి కారణమని చాలామంది రాస్తున్నారు. అదొక్కటే కారణమా? అంత పేరున్న మనిషి ప్లంబింగ్ పని కూడా ఎందుకు చేసుకోవలసి వచ్చింది?

జవాబు: భీమవరం, విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు

అయ్యా, మమకారం ఉన్న మాట నిజమే గానీ, దాన్ని మాత్రమే చెప్పడం ఆ తరం ఆటగాళ్లకు అన్యాయం చేయడమేనని నా అభిప్రాయం. అప్పట్లో ఇంగ్లండ్‌లో ఆటగాడి ఒప్పందం ముగిసినా అతని రిజిస్ట్రేషన్ క్లబ్బు చేతిలోనే ఉండేది కాబట్టి, క్లబ్బు వదలకపోతే అతడు మరో చోట ఆడే వీలుండేది కాదు. పలెర్మో కబురు వచ్చినప్పుడు ప్రెస్టన్ యాజమాన్యం ససేమిరా అంది, అక్కడితో ఆ సంగతి ముగిసింది. దీనికి తోడు జీతానికి గరిష్ఠ పరిమితి ఒకటి. ఆ రోజుల్లో అది సీజన్‌లో వారానికి 14 పౌన్లు. ఎంత గొప్పగా ఆడినా అంతకు మించి ఇవ్వకూడదు. ఆ లెక్కన 10,000 పౌన్లు కూడబెట్టాలంటే పైసా ఖర్చు పెట్టకుండా పదమూడేళ్లకు పైగా ఆడాలి. పైగా పలెర్మో వారు నెలకు 130 పౌన్ల జీతం, ఇల్లు, కారు కూడా ఇస్తామన్నారు. ఆశపడినా తప్పుపట్టడానికి ఏముంది?

జవాబు: పాలకొల్లు పాఠకురాలు

మాస్టారు చెప్పినదానికి ప్లంబింగ్ సంగతి కలుపుతాను. ఫిన్నీ 1922లో ప్రెస్టన్‌లో పుట్టారు. కుర్రవాడిగా ఉన్నప్పుడే క్లబ్బు పిలిచినా, ముందు చేతిపని నేర్చుకోవాలని తండ్రి పట్టుబట్టారు. తరువాత యుద్ధం వచ్చింది; ఈజిప్టులోనూ ఇటలీలోనూ ట్యాంకు దళంలో పనిచేసి తిరిగివచ్చి, 1946 ఆగస్టులో లీడ్స్ యునైటెడ్ మీద తొలి లీగ్ మ్యాచ్ ఆడేసరికి ఆయనకు 24 ఏళ్లు నిండాయి. ఆ జీతాలతో ఆట ముగిశాక బతుకు గడవదు కనుక, ప్లంబింగ్ వ్యాపారాన్ని ఆయన చివరి దాకా వదలలేదు. తండ్రి ముందుచూపే ఆ ఇంటిని నిలబెట్టిందని నేననుకుంటాను.

ప్రశ్న వేసినవారు మళ్లీ: ధన్యవాదాలండీ. ఆయన ఆట తీరు గురించి కూడా చెప్పగలరా? మావాడిది ఎడమ కాలు.

జవాబు: భీమవరం, విశ్రాంత వ్యాయామ ఉపాధ్యాయుడు

మీ అబ్బాయికి ఇది తప్పక చెప్పండి: ఫిన్నీది కూడా సహజంగా ఎడమ కాలే. రెండో కాలిని పట్టుదలగా సాధన చేసి కుడి వింగ్‌లో స్థిరపడ్డారు. అవసరమైనప్పుడు ఎడమ వింగ్‌లోనూ, తరువాతి ఏళ్లలో సెంటర్ ఫార్వర్డ్‌గానూ ఆడారు. 1956లో చెల్సీ మైదానంలో తీసిన ఆయన ఫోటో ఒకటి చూపించండి. నిలిచిన వాన నీటిలో జారుకుంటూ వెళుతుంటే నీళ్లు తెరలా లేచి ఉంటాయి. ముసురు పట్టిన రోజుల్లో మన స్కూలు గ్రౌండ్లలో ఆడినవారికి ఆ స్థితి తెలుసు. బంతి నీటిలో ఠక్కున ఆగిపోతుంది, వేగంగా వచ్చినవాడు దాన్ని దాటిపోతాడు. ఫిన్నీ చూపు మాత్రం ఆ తుంపరల మధ్య కూడా బంతి మీదే ఉంది. అంతటి ఆటగాడికి లీగ్ టైటిల్ దక్కకపోవడం నాకు ఇప్పటికీ బాధే. 1953లో ప్రెస్టన్ జట్టు ఆర్సెనల్‌తో పాయింట్లు సమానమైనా గోల్ సగటులో (చేసిన గోల్స్‌ను ఇచ్చిన గోల్స్‌తో భాగించే లెక్కలో) వెనుకబడింది, 1954 ఎఫ్.ఏ. కప్ ఫైనల్‌లోనూ 3-2తో ఓడింది.

జవాబు: రాజోలు పాఠకుడు

మాస్టారు చెప్పిన జీతాల పరిమితి ఎప్పుడు పోయిందో కూడా చెప్పుకోవాలి. గజ్జ గాయంతో 1960లో ఫిన్నీ ఆట మానేశారు. ఆటగాళ్ల సంఘం సమ్మెకు సిద్ధపడటంతో 1961 జనవరిలో ఆ పరిమితిని ఎత్తివేశారు. అదే ఏడాది ఫుల్‌హామ్ క్లబ్బు తన ఆటగాడు జానీ హేన్స్‌కు వారానికి 100 పౌన్లు ఇచ్చింది.