అనస్థీషియా బిల్లు విడిగా వచ్చింది, ఎంతవరకు చెల్లించాలి?

ప్రశ్న:

నమస్కారం. మేము అమెరికాలో ఉంటున్నాం, ఉద్యోగం ద్వారా వచ్చిన ఆరోగ్య బీమా ఉంది. ఇటీవల నా భార్యకు ల్యాప్రోస్కోపీ పద్ధతిలో గాల్‌బ్లాడర్ తొలగించారు. ఆసుపత్రీ సర్జనూ మా బీమా కంపెనీతో ధరల ఒప్పందం చేసుకున్నవారేనని, అంటే ఇన్‌-నెట్‌వర్క్‌లో ఉన్నారని ముందే నిర్ధారించుకున్నాం. ఆ బిల్లులు తీరిన తరువాత, మేము పేరు కూడా వినని ఒక అనస్థీషియా గ్రూపు నుంచి మరో బిల్లు వచ్చింది. వారు అవుట్-ఆఫ్-నెట్‌వర్క్ అట. ఆపరేషన్ గంటలోపే ముగిసిందని సర్జన్ చెప్పారు గానీ బిల్లులో 90 నిమిషాలని ఉంది. పైగా డాక్టరు పేరిట ఒక వరుస, నర్సు పేరిట మరో వరుస ఉన్నాయి. వీటిలో సక్రమమైనదేది, నిలదీయవలసినదేది?

సమాధానం 1:

90 నిమిషాలన్నది సరైనదే కావచ్చు. అనస్థీషియా సమయాన్ని కోత పెట్టినప్పటి నుంచి కాక, మత్తు ఇచ్చేవారు రోగిని సిద్ధం చేయడం మొదలుపెట్టినప్పటి నుంచి రికవరీ గదిలో క్షేమంగా అప్పగించేవరకు లెక్కిస్తారు. ఒక్కో రకం శస్త్రచికిత్సకు ఇన్ని బేస్ యూనిట్లని ముందే నిర్ణయించి ఉంటుంది. మీ విషయంలో సాధారణంగా బిల్లులో వాడే 00790 కోడ్‌కు అవి 7. ప్రతి 15 నిమిషాలకు ఒకటి చొప్పున 90 నిమిషాలకు మరో 6 కలుస్తాయి. ఆ 13 యూనిట్లను ఒక్కో యూనిట్ ధరతో గుణిస్తే వచ్చేదే బిల్లు. రోగికి తీవ్రమైన జబ్బేదైనా ఉంటే పీ3 అని గుర్తుపెట్టి ఇంకో యూనిట్ కలుపుతారు. దీనికి ముఖ్యంగా వృద్ధుల కోసం ఉన్న ప్రభుత్వ బీమా మెడికేర్ చెల్లించదు, ప్రైవేటు బీమాలలో కొన్ని చెల్లిస్తాయి. ఏ జబ్బూ లేని మనిషికి పీ3 వేసి ఉంటే మాత్రం అడగవలసిందే.

రెండు వరుసలు చూసి రెండుసార్లు వసూలు చేశారని అనుకోనక్కరలేదు. ఒక డాక్టరు ఒకే సమయంలో నాలుగు కేసుల వరకు పర్యవేక్షిస్తూ, ఒక్కో గదిలో ఒక నర్స్ అనస్థటిస్టును (మత్తు ఇవ్వడంలో శిక్షణ పొందిన నర్సును) ఉంచడం ఇక్కడ మామూలే. అలాంటప్పుడు మెడికేర్ చెరి సగం ఇస్తుంది, చాలా ప్రైవేటు బీమాలదీ అదే పద్ధతి. డాక్టరు వరుసలో పర్యవేక్షించారని తెలిపే క్యూకే కోడ్, నర్సు వరుసలో ఆ పర్యవేక్షణలో పనిచేశారని తెలిపే క్యూఎక్స్ కోడ్ ఉండాలి. డాక్టరే స్వయంగా మత్తు ఇచ్చారని తెలిపే ఏఏ కోడ్ ఉండి, దాని కిందే నర్సు వరుస కూడా ఉంటే అనుమానించవచ్చు.

సమాధానం 2:

పై లెక్కంతా సరైనదే గానీ, మీ అసలు ప్రశ్నకు జవాబు చట్టంలో ఉంది. 2022 జనవరి 1 నుంచి అమలులో ఉన్న నో సర్‌ప్రైజెస్ యాక్ట్ ప్రకారం, ఇన్‌-నెట్‌వర్క్ ఆసుపత్రిలో అవుట్-ఆఫ్-నెట్‌వర్క్ అనస్థీషియా గ్రూపు పనిచేసినా, మీ వాటా ఇన్‌-నెట్‌వర్క్ లెక్కనే ఉండాలి. తక్కినది వారూ బీమా కంపెనీ తేల్చుకోవలసినదే. కొన్ని సేవలకు రోగి సంతకంతో ఈ రక్షణ వదులుకునే వీలుంది గానీ, ఇలాంటి కేసులో అనస్థీషియాకు ఆ వీలు కూడా లేదు. కనుక హడావుడిలో ఏ కాగితం మీద సంతకం చేశామోనని బెంగపడకండి.

అయితే బిల్లు సున్నా అవుతుందని దీని అర్థం కాదు. డిడక్టిబుల్ (బీమా చెల్లించడం మొదలుపెట్టేముందు ఏటా మీరు సొంతంగా కట్టవలసిన మొత్తం) పూర్తికాకపోతే బిల్లులోంచి పెద్ద మొత్తమే మీ మీద పడవచ్చు, దాన్ని ఇన్‌-నెట్‌వర్క్ డిడక్టిబుల్‌లోనే జమకట్టాలి. బీమా కంపెనీ పంపే ఈఓబీలో (ఎవరెంత చెల్లించాలో వివరించే పత్రంలో) మీ వాటాగా చూపిన అంకెను బిల్లుతో పోల్చి చూసేవరకు ఒక్క డాలరూ చెల్లించకండి. బిల్లులో ఎక్కువ ఉంటే ఈఓబీ ప్రతిని జతచేసి గ్రూపుకు ఉత్తరం రాయండి. ఫోనులో ఎంత మాట్లాడినా రుజువు మిగలదు. ఈఓబీలోనే అవుట్-ఆఫ్-నెట్‌వర్క్ లెక్క కట్టి ఉంటే, తప్పు బీమా కంపెనీది. అప్పీలుకు 180 రోజుల గడువు ఉంటుంది.

సమాధానం 3:

ఇది చదివి, విజిటర్ ఇన్సూరెన్స్ మీద వచ్చిన తల్లిదండ్రులకు కూడా ఈ రక్షణ ఉంటుందనుకోవద్దు. ప్రయాణ బీమాలకు, స్వల్పకాలిక బీమాలకు ఆ చట్టం వర్తించదు. వారికి ముందుగా నిర్ణయించిన ఆపరేషన్ ఏదైనా ఉంటే, ఆసుపత్రి ఇచ్చే అంచనాతో సరిపెట్టుకోకుండా, అనస్థీషియా గ్రూపు పేరు కనుక్కొని వారి నుంచి కూడా రాతపూర్వకంగా అంచనా తీసుకోవడం మంచిది.

ప్రశ్న అడిగినవారు:

అందరికీ ధన్యవాదాలు. ఈఓబీ తీసి చూశాను. క్యూకే, క్యూఎక్స్ రెండూ ఉన్నాయి, పీ3 లేదు. మా వాటా ఇన్‌-నెట్‌వర్క్ లెక్కనే ఉంది గానీ, గ్రూపు అడిగినది అంతకన్నా ఎక్కువ. ఈఓబీ ప్రతితో ఈ రోజే ఉత్తరం పంపుతున్నాను.