అప్‌డేట్: లంబకేంద్రం ప్రశ్న తేలిపోయింది

త్రిభుజ పరివృత్త కేంద్రం (మూడు శీర్షాల గుండా పోయే వృత్తం కేంద్రం), గురుత్వ కేంద్రం (మధ్యగతాలు కలిసేచోటు), లంబకేంద్రం (ఉన్నతులు, అంటే శీర్షాల నుంచి ఎదుటి భుజాలకు గీసిన లంబాలు, కలిసేచోటు) ఒకే సరళరేఖపై (దీన్నే ఆయిలర్ రేఖ అంటారు) ఉంటాయని, గురుత్వ కేంద్రం నుంచి లంబకేంద్రం దూరం పరివృత్త కేంద్రం దూరానికి రెట్టింపని ఎలా నిరూపించాలని అడిగాను. నిరూపకాలతో మూడు పేజీలు నింపి చతికిలబడ్డాను.

సదిశలు (పరిమాణం, దిశ రెండూ ఉన్న రాశులు) వాడమన్న సలహా పనిచేసింది. పరివృత్త కేంద్రాన్ని మూలబిందువుగా తీసుకుంటే శీర్షాల స్థాన సదిశలు ఎ, బి, సి పరిమాణంలో సమానం. హ = ఎ + బి + సి అనుకుందాం. అప్పుడు (హ − ఎ)·(బి − సి) = (బి + సి)·(బి − సి) = |బి|² − |సి|² = 0. అంటే ఎ నుంచి హకు గీసిన రేఖ ఎదుటి భుజానికి లంబం. మిగతా రెండు శీర్షాలకూ ఇంతే, కాబట్టి హ లంబకేంద్రమే. గురుత్వ కేంద్రం హ/3. అంటే మూలబిందువు, హ/3, హ ఒకే రేఖపై ఉన్నాయి, హ/3 నుంచి హ దూరం మూలబిందువు దూరానికి రెట్టింపు. ఇక నిరూపించడానికి ఏం మిగిలింది! మూడు ఉన్నతులు ఒకేచోట కలుస్తాయన్నది ఉచితంగా వచ్చింది.

సమబాహు త్రిభుజంలో మూడూ ఒకే బిందువు, అక్కడ రేఖ ప్రశ్నే లేదు.

అంతరవృత్త కేంద్రం (మూడు భుజాలనూ లోపలి నుంచి తాకే వృత్తం కేంద్రం) కూడా ఈ ఆయిలర్ రేఖపైనే ఉంటుందని రాశాను, అది తప్పు. (0, 0), (4, 0), (0, 3) శీర్షాలతో చూశాను: రేఖ y = 3x/4, అంతరవృత్త కేంద్రం (1, 1), అది ఈ రేఖపై లేదు. సమద్విబాహు త్రిభుజమైతేనే అది రేఖపైకి వస్తుందట. ఆ నిరూపణతో ఇప్పుడు కుస్తీ పడుతున్నాను.